అమెరికాలో ఉండగా అనని మాట

కృష్ణకుమారి కడుపునొప్పిని గ్యాస్ అన్నది పద్మనాభం. అది గ్యాస్ కాదు. ఆమె చనిపోయింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

భార్య పోయిన రెండేళ్ళుగా యజ్ఞనారాయణ ఈ నాలుగు ముక్కలూ ఇదే వరసలో అనుకుంటూ వచ్చాడు. పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ అనుకునేవాడు. శాన్ రామన్‌లో కూతురింటి వెనక కంచెకి పాకించిన దొండపాదుకి నీళ్ళు పెడుతూ అనుకునేవాడు. కూతురు వసుమతి ఎప్పుడైనా వెనకనించి వచ్చి, ఎవరితో మాట్లాడుతున్నావు నాన్నా అంటే, పాదుతో అనేవాడు.

పద్మనాభం డాక్టరు. ప్రాక్టీసు మానేసి తొమ్మిదేళ్ళయినా చుట్టుపక్కల తెలుగువాళ్ళకి ఆయనే డాక్టరు. అసలు డాక్టరు అపాయింట్‌మెంట్ దొరకాలంటే మూడు వారాలు. పద్మనాభం రెండో రింగుకే ఫోనెత్తుతాడు. పైగా ఆయనకి తెలుగులో చెప్పుకోవచ్చు. గుండెల్లో కలుక్కుమంటోందనీ, పిక్కలు లాగుతున్నాయనీ, కడుపులో దేవినట్టుందనీ ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక, ముసలివాళ్ళు సగంమంది అసలు డాక్టరు ముందు నోరు మూసుకుని కూర్చుంటారు. పద్మనాభం అంతా వింటాడు. విని నవ్వుతాడు. "ఏం లేదమ్మా, గ్యాస్" అంటాడు. ఆ మాటతో ఫోన్ చేసినవాళ్ళకి సగం నొప్పి తగ్గిపోతుంది. నూటికి తొంభైమందికి అది గ్యాసే కూడా.

కృష్ణకుమారికి నొప్పి మొదలైనప్పుడు వసుమతి డాక్టరు దగ్గరికి వెళ్దాం పద అమ్మా అంది. ఎందుకే, అన్నయ్యగారిని అడుగుదాం అంది కృష్ణకుమారి. ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. "ఏం లేదు చెల్లెమ్మా, గ్యాస్. రాత్రిళ్ళు పప్పు మానెయ్" అన్నాడు పద్మనాభం. ఆ మాట యజ్ఞనారాయణ తన చెవులతో విన్నాడు. నాలుగు నెలలు వాము నీళ్ళూ, ఇంగువ వేసిన మజ్జిగా నడిచాయి. ఒకరోజు కళ్ళు పచ్చబడ్డాయి. అక్కణ్ణించి ఏడు వారాలే బతికింది.

అంతవరకైతే యజ్ఞనారాయణ ఏం చేసేవాడో చెప్పలేం. పొరపాటు పడని మనిషి లేడని సరిపెట్టుకునేవాడేమో. పెద్దకర్మ రోజున హాల్లో భోజనాలవుతున్నాయి. యజ్ఞనారాయణ మంచినీళ్ళ సీసాలు పట్టుకుని వస్తున్నాడు. పద్మనాభం ఆకులో పెరుగన్నం కలుపుకుంటూ పక్కనున్న నలుగురితో, మొదట్లోనే స్కాన్ చేయించుకోమన్నాననీ, వినలేదనీ, ఏం చేస్తామనీ చెబుతున్నాడు. నలుగురూ తలలూపారు. అందులో ఒకాయన తల తిప్పి యజ్ఞనారాయణని చూసి, చప్పున ఆకులోకి చూసుకున్నాడు. ఆ చూపు యజ్ఞనారాయణకి అర్థమయింది. పెళ్ళాన్ని పట్టించుకోని మొగుడు, అని.

నెల తిరిగాక పద్మనాభం ఇంటికెళ్ళి నిలబడే అడిగాడు. నువ్వు గ్యాస్ అన్నావా, అనలేదా అని. పద్మనాభం భార్య మీనాక్షి కాఫీ తెచ్చి, మాటలు విని, కాఫీతోనే లోపలికి వెళ్ళిపోయింది. పద్మనాభం గొంతు తగ్గించి వాళ్ళబ్బాయి రాజ్ సంగతి చెప్పాడు. రాజ్ హెర్న్‌డన్‌లో లాయరు. లైసెన్సు వదిలేసిన డాక్టరు ఫోన్లో వైద్యం చెప్పడమే తప్పట. పైన సారీ అన్నాడంటే ఒప్పుకున్నట్టేనట. ఎవరితోనూ ఏమీ అనొద్దన్నాడట.

"నువ్వు వెయ్యిసార్లు అడుగు యజ్ఞం. అమెరికాలో ఉండగా ఆ మాట నా నోట రాదు" అన్నాడు పద్మనాభం.

యజ్ఞనారాయణ కాలేజీ చదువు తర్వాతెప్పుడో చదివాడు కానీ, ఆయనకి బుర్రలో నిలిచింది ఊరి బడి చదువే. తెలుగు మాస్టారు పద్యం చెప్పి, ప్రతిపదార్థం రాయమనేవారు. ఒక్క మాట వదిలితే చేతులు తిరగేసి కణుపుల మీద కొట్టేవారు. ఏ వాక్యం విన్నా మాట మాటా విడదీసి అర్థం చెప్పుకోవడం ఆయనకి అక్కణ్ణించి అలవాటు. పద్మనాభం వాక్యాన్నీ అలాగే విడదీశాడు. అమెరికాలో, అంటే అమెరికా దేశమందు. ఉండగా, అంటే ఉన్నంతసేపు. మరి లేనప్పుడు?

ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది. పద్మనాభం ఇండియా వెళ్ళడం మానేశాడు. మోకాళ్ళు పాడయ్యాయి, విమానంలో అంతసేపు కూర్చోలేడు. ఈ జన్మకి ఇంతే అనుకున్నాడు యజ్ఞనారాయణ.

అలాంటప్పుడు కోటేశ్వరరావు ఒక వార్త ఫార్వర్డ్ చేశాడు. శాన్ రామన్ తెలుగు పెద్దలకని రెండొందల పన్నెండుమందితో ఒక వాట్సాప్ గ్రూపుంది. దాన్ని నడిపేది కోటేశ్వరరావు. ఆ వార్తేమిటంటే, కాలిఫోర్నియాకీ నెవాడాకీ మధ్య, పూర్వం సర్వే చేసినవాళ్ళు గీత తప్పు గీయడంవల్ల పదకొండెకరాల ముక్క ఎటూ చెందకుండా మిగిలిపోయిందట. హాలిస్ అనే రిటైర్డ్ సర్వేయరు ఆ ముక్క కొనుక్కుని, మాది అమెరికా కాదని ప్రకటించాడు. ఆల్కలై ఫ్లాట్ రిపబ్లిక్ అని పేరు పెట్టాడు. జెండా ఉంది, ముద్ర ఉంది. ప్రపంచంలో ఏ దేశమూ దాన్ని గుర్తించలేదు. శనివారాలు చూడటానికి రానిస్తారు. కింద కోటేశ్వరరావు, "వీసా అక్కర్లేదు, మన పిల్లల్ని పంపిద్దామా" అని జోకు రాశాడు. పదిమంది నవ్వు బొమ్మలు పెట్టారు.

యజ్ఞనారాయణ నవ్వలేదు. ఆ వార్త మూడుసార్లు చదివి, రెండేళ్ళ తర్వాత మొదటిసారి పద్మనాభానికి ఫోన్ చేశాడు. శనివారం ఒక చోటికి వెళ్ళొద్దామా అన్నాడు. పద్మనాభం వెంటనే ఒప్పుకున్నాడు. కారు నేనే తీస్తాను అన్నాడు.

సెప్టెంబరు శనివారం ఆరింటికల్లా కారు గుమ్మంలో ఉంది. మీనాక్షి పులిహోర కట్టి ఇచ్చింది. స్టాక్‌టన్ దాటి ఎనభై ఎనిమిదో నంబరు రోడ్డెక్కి, జాక్సన్ మీదుగా కొండెక్కారు. దారి పొడుగునా పద్మనాభమే మాట్లాడాడు. మనవరాలు అనిక మెడిసిన్‌లో చేరుతుందనీ, మోకాలికి ఆపరేషనంటున్నారనీ, పొద్దున్నించి అప్పుడే ముగ్గురు ఫోన్ చేశారనీ చెప్పాడు. నాలుగో ఫోన్ కార్లోనే వచ్చింది. ఎవరో ఆవిడ భుజం పట్టేసిందంటోంది. పద్మనాభం ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, "ఏం లేదమ్మా" అన్నాడు. యజ్ఞనారాయణ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఈ మనిషి బతుకుతున్నది ఆ ఫోన్ మీద అని అప్పుడు కనిపెట్టాడు.

కొండ దిగి వుడ్‌ఫర్డ్స్ దాటాక మట్టిరోడ్డు. ఫోన్లు మూగపోయాయి. రోడ్డుకి అడ్డంగా గొలుసు, పక్కన నీలం రంగేసిన పీపా, పీపా మీద జెండా. హాలిస్ ఖాకీ చొక్కాకి భుజాల మీద కర్టెన్ తాడు కుట్టించుకుని వచ్చాడు. నవ్వలేదు. పాస్‌పోర్టులడిగాడు. తెచ్చుకోమని యజ్ఞనారాయణ ముందే చెప్పాడు. పద్మనాభం తన పాస్‌పోర్టు చూపించాడు కానీ ముద్ర వేయనివ్వలేదు, వేరే కాగితం మీద వేయమన్నాడు. పిచ్చి ముద్రలుంటే రేపు ఎయిర్‌పోర్టులో ఇబ్బందట. ఏ కాగితం ఎక్కడ తగులుకుంటుందోనని అంత జాగ్రత్త ఆయనకి.

హాలిస్ గొలుసు తీశాడు. దేశమంతా చూడటానికి పావుగంట పట్టింది. తుప్పలూ, తెల్లటి ఉప్పునేలా, ఒక రేకుల షెడ్డు. షెడ్డే సచివాలయం. యజ్ఞనారాయణ ముప్పయ్యేళ్ళు కౌంటీ రోడ్ల శాఖలో ఇంజినీరుగా చేశాడు. పాత సర్వే మ్యాపు చూసి రెండు మంచి ప్రశ్నలడిగేసరికి హాలిస్ సంబరపడి, షెడ్డు ముందు బల్లమీద కూర్చోబెట్టి, నిమ్మకాయ నీళ్ళిచ్చాడు.

అప్పుడు యజ్ఞనారాయణ ఇంగ్లీషులో అడిగాడు. ఇక్కడ అమెరికా చట్టం చెల్లుతుందా అని. హాలిస్ నిటారుగా నిలబడ్డాడు. వాళ్ళ కాగితం ఇక్కడ చెల్లదు, ఇక్కడి కాగితం వాళ్ళకి చెల్లదు, ఈ సంగతి గవర్నరుకి పదిహేను ఉత్తరాల్లో తెలియజేశాను, ఒక్కదానికీ జవాబు రాలేదు అన్నాడు. చెప్పి, గొలుసు దగ్గర ఇంకో కారు ఆగితే అటు వెళ్ళాడు.

యజ్ఞనారాయణ పద్మనాభం వైపు తిరిగాడు.

"విన్నావుగా. ఇది అమెరికా కాదు. ఇప్పుడు చెప్పు."

పద్మనాభానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వబోయి, యజ్ఞనారాయణ ముఖం చూసి మానేశాడు.

"ఇందుకా తీసుకొచ్చావు?"

"అమెరికాలో ఉండగా రాదన్నావు. బయటికి తీసుకొచ్చాను."

పద్మనాభం ఉప్పునేల వంక చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అన్నాను యజ్ఞం. గ్యాస్ అన్నాను. రోజుకి ఇరవైమందికి అంటాను, చెల్లెమ్మకీ అన్నాను."

"రాయి."

"రాయడమెందుకయ్యా, చెప్పానుగా."

"నా చెవులకి మిషన్లున్నాయి. సగం వినపడవు. కళ్ళు బాగానే ఉన్నాయి. రాయి."

బల్లమీద సందర్శకుల పుస్తకం ఉంది. దానికి హాలిస్ జాతీయ గ్రంథమని పేరు పెట్టాడు. పద్మనాభం కలం తీసుకుని ఆలోచించాడు. ఈ కాగితం ఎక్కడా చెల్లదు. అయినా జాగ్రత్త పడాలిగా. "తెలుగులో రాస్తాను. ఇక్కడ చదివి ఏడ్చేవాడు ఎవడున్నాడు" అన్నాడు. తన తెలివికి తనే కాస్త తేరుకున్నాడు కూడా.

పద్మనాభం తెలుగు దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. ఉగాది పోటీల్లో గెలిచిన పిల్లల యోగ్యతా పత్రాలన్నీ ఇరవయ్యేళ్ళుగా ఆయనే రాస్తున్నాడు. ఊళ్ళో ఆ అక్షరాలు గోడ మీద ఫ్రేము కట్టి లేని తెలుగిల్లు లేదు. అదే అందమైన దస్తూరీతో రాశాడు. "కృష్ణకుమారి గారి కడుపునొప్పి గ్యాస్ అని నేను చెప్పాను. అది నా పొరపాటు." కింద సంతకం పెట్టాడు. కలం కింద పెట్టబోయి, మళ్ళీ తీసి, సంతకం కింద ఇంకో వాక్యం రాశాడు. "పది రోజుల్లో తగ్గకపోతే స్కాన్ చేయించుకోమని కూడా అదే ఫోన్లో ఆమెకి చెప్పాను."

యజ్ఞనారాయణ చదివాడు.

"ఇది అబద్ధం."

"నువ్వు వినలేదు. లేచి వెళ్ళిపోయావు" అన్నాడు పద్మనాభం. కోపంగా అనలేదు. డాక్టరు రోగితో చెప్పినట్టు చెప్పాడు.

ఆ సాయంత్రం గ్యాస్ అన్న మాట వినపడగానే యజ్ఞనారాయణ హాయిగా లేచి, బూట్లు తొడుక్కుని, వాకింగ్‌కి వెళ్ళిన మాట నిజం. వెనక స్పీకర్‌లో పద్మనాభం ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. కృష్ణకుమారి ఊఁ కొడుతూనే ఉంది. తిరిగొచ్చాక ఏమన్నాడని యజ్ఞనారాయణ అడగలేదు. ఆమె చెప్పలేదు. ఇదంతా ఆయనకి ఒక్క క్షణం కళ్ళముందు ఆడింది. ఆ క్షణం గడిచాక, అబద్ధమే అనుకున్నాడు.

పద్మనాభం మాత్రం బరువు దించుకున్నవాడిలా ఉన్నాడు. రెండేళ్ళుగా సరిగ్గా నిద్ర లేదనీ, ఇవాళ్టికి తేలికైందనీ అన్నాడు. డబ్బా విప్పి పులిహోర తిన్నాడు. కారు దిగివచ్చిన కొత్తవాళ్ళకి కూడా కాస్త పెట్టాడు. యజ్ఞనారాయణ ముట్టలేదు. కడుపులో బాగా లేదన్నాడు. పద్మనాభం నోరు తెరిచి, ఏమనుకున్నాడో మూసుకున్నాడు.

పద్మనాభం షెడ్డు వెనక బాత్రూముకి వెళ్ళినప్పుడు యజ్ఞనారాయణ ఫోన్ తీశాడు. పైనుంచి సంతకం దాకా వచ్చేట్టు సరిచూసి, ఫోటో తీశాడు. సంతకం కింద వాక్యం రాలేదు. రాకుండానే తీశాడు.

తిరుగుదారిలో మట్టిరోడ్డు దాటి మిట్ట ఎక్కగానే ఫోన్‌కి రెండు గీతలు వచ్చాయి. యజ్ఞనారాయణ ఆ ఫోటో పెద్దల గ్రూపులో పెట్టాడు. పైనా కిందా ఒక్క మాట రాయలేదు. పక్కన పద్మనాభం పాత పద్యమేదో రాగం తీస్తూ కారు నడుపుతున్నాడు. వెళ్ళింది అన్న గుర్తు పడ్డాక, యజ్ఞనారాయణ ఫోన్ జేబులో పెట్టి కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ కొండల్లో సిగ్నల్ పోయింది.

జాక్సన్ దగ్గరికొచ్చేసరికి పద్మనాభం ఫోన్ మోగడం మొదలుపెట్టింది. టింగుమని ఒకటి, వెంటనే ఇంకోటి, తర్వాత ఆగకుండా. ఎవరిదో పుట్టినరోజు లాగుందన్నాడు పద్మనాభం. కాఫీకని కారు ఆపి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశాడు.

మొదటిది కోటేశ్వరరావుది. "డాక్టర్ గారూ, ఇది మీ దస్తూరీయేనా?" అని. రెండోది ఎవరో ఆవిడది. పోయిన నెల మా ఆయనకి కూడా గ్యాస్ అన్నారు, ఇప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళమంటారా, అని. ఆ కింద ఇంకా చాలా ఉన్నాయి. పద్మనాభం అన్నీ చదివాడు. ఇంజను ఆగి ఉంది. ఎండ అద్దంలోంచి ఆయన చేతుల మీద పడుతోంది.

"సంతకం కింద వాక్యం ఏది?" అన్నాడు.

"ఫోటోలో పట్టలేదు."

"రెండేళ్ళుగా నువ్వు కోర్టుకెక్కుతావని భయపడి చచ్చాను యజ్ఞం."

"కోర్టులో నీకు లాయరుంటాడు" అన్నాడు యజ్ఞనారాయణ.

కాఫీ ఎవరూ తాగలేదు. అక్కణ్ణించి శాన్ రామన్ రెండు గంటలు. పద్మనాభం గీత తప్పకుండా, స్పీడు మించకుండా నడిపాడు. ఇంటిముందు ఆపి, తలుపు తాళం తీసి, ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. యజ్ఞనారాయణ దిగి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రే పద్మనాభం గ్రూపులో పెద్ద వివరణ రాశాడు. స్కాన్ చేయించుకోమన్నాననే రాశాడు. పెద్దకర్మ రోజున ఆకు ముందు అన్న మాటే ఇప్పుడు రాతలో అన్నాడు. సంతకం పెట్టి ఒప్పుకున్నవాడు మళ్ళీ మాట మారుస్తున్నాడనుకున్నారు జనం. ఎవరూ జవాబివ్వలేదు. పోట్లాడితే బావుండేది, పోట్లాడలేదు కూడా. ఫోన్ చేయడం మానేశారు, అంతే. కోటేశ్వరరావు ఆ వారమే గ్రూపులో అసలు డాక్టర్ల నంబర్లు పెట్టాడు, తెలుగు వచ్చినవాళ్ళవి వెతికి మరీ.

మీనాక్షి గుళ్ళో వసుమతికి కనిపించి ఏడ్చిందట. ఆయన పొద్దున్నించి ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చుంటున్నాడట. పాడయిందేమో చూడు, ఒకసారి నాకు చెయ్యి అంటాడట. ఆవిడ వంటింట్లోంచి చేస్తే హాల్లో మోగుతుందట. బాగానే ఉంది అని పక్కన పెట్టి, గంటాగి మళ్ళీ చెయ్యమంటాడట.

వసుమతి ఇది చెబుతుంటే యజ్ఞనారాయణ దొండకాయలు కోస్తున్నాడు. కోయడం ఆపలేదు. ఆయనకి తృప్తిగా ఉంది. దాన్ని దాచుకోవలసిన అవసరం కనిపించలేదు. పెద్దల మీటింగుకి వెళ్తే జనం లేచి కుర్చీ ఇస్తున్నారు. ఆకులోకి తల దించుకున్న ఆ ఒకాయన స్వయంగా వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. రెండేళ్ళుగా మోసిన పేరు పోయింది. ఎవడి పేరు వాడికి చేరింది.

వసుమతి ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నాన్నా, ఆ పేజీలో కింద ఇంకో లైన్ ఉందా?"

"ఎవరన్నారు?"

"అంకుల్ ఆంటీకి చెప్పారు. ఉందా, లేదా? జస్ట్ చెప్పు."

యజ్ఞనారాయణ ఇంకో కాయ కోశాడు.

"ఎందుకడుగుతున్నానంటే," అంది వసుమతి, "ఆ టైమ్‌లో అమ్మ నన్నొకసారి అడిగింది. స్కాన్ అంటే లోపల పెట్టి మూసేస్తారటగా, ఊపిరాడుతుందా అని. ఎవరో ఫ్రెండ్ కోసం అడుగుతోందనుకున్నాను. నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. ఏం కాదులే అమ్మా అని మ్యూట్ తీసేశాను. నాకు తెలియాలి నాన్నా. అంకుల్ చెప్పారా అమ్మకి?"

యజ్ఞనారాయణ చేతిలో కాయలు గిన్నెలో వేశాడు. పాదు మీద ఇంకా కాయలున్నాయి. వాటిని వదిలేశాడు. నడుం నిలబెట్టడానికి కాసేపు పట్టింది. కూతురి ముఖంలోకి చూడలేదు.

"మీ అమ్మ పోయింది. గ్యాస్ అన్నాడు, పోయింది. అన్నానని వాడే రాశాడు, ఊరంతా చదివింది. అంతే."

"అది నేనడిగింది కాదు."

"ఇదే నేను చెప్పేది. ఇక ఈ సంగతి నన్నడగొద్దు. నువ్వు అడగొద్దు, వాళ్ళని అడగనివ్వొద్దు. నేను చచ్చేదాకా దీని గురించి మాట్లాడను."

వసుమతి ఇంకా ఏదో అంది. యజ్ఞనారాయణ రెండు చెవుల మిషన్లూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. గిన్నె తీసుకుని ఆమె పక్కనించి లోపలికి నడిచాడు. అది కిందటేడు అక్టోబరులో. ఆ తర్వాత కూతురు రెండుసార్లు అడిగింది, మీనాక్షి ఒకసారి మనిషినే పంపింది. ఆయన మాట్లాడలేదు. మాట్లాడడు.